‘ప్రశ్న ఉత్పన్నం కాదు’

శాసనసభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు కాగితాన్ని నేను మొదటిసారి చేతిలోకి తీసుకుని చదివింది ఉద్యోగ విరమణ తరువాతనే. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పాను. ప్రశ్నోత్తరాల సమయం అంటే ఏమిటో, నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకూ లేని ప్రశ్నకూ తేడా ఏమిటో ఏటా పిల్లలకు నోట్సు రాయించాను. ఆ ప్రశ్నలూ జవాబులూ అచ్చులో ఎలా ఉంటాయో చూడవలసిన అవసరం మాత్రం నాకు మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వల్లనే కలిగింది.

ఆ కేంద్రంలో గోడ మీద రాసిన పట్టిక ప్రకారం ఇద్దరు వైద్యులు ఉన్నారు. నెలకోసారి రక్తపోటు మాత్రల కోసం అక్కడికి వెళ్లే మా ఇంట్లోవాళ్లకూ, చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ల వాళ్లకూ కనిపించేది ఒక్కరే. ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజున ఎవరూ ఉండరు. స్టాఫ్ నర్సు తనకు చేతనైనంత చేస్తుంది, మాత్రలు ఇస్తుంది, తన వల్ల కాకపోతే పెద్దాసుపత్రికి రాసి పంపుతుంది. ఈ పరిస్థితి ఏడాదికి పైగా సాగిన తరువాత, మా జిల్లాకే చెందిన ఒక శాసనసభ్యుడు ఈ విషయం మీద సభలో ప్రశ్న వేశారని తెలిసి, ఆ జవాబు సంపాదించి చదివాను. ప్రశ్నలోని సారం ఇది: (ఎ) జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వైద్యులు లేక రోగులు తీవ్ర ఇబ్బందులు పడుతున్న విషయం వాస్తవమేనా? (బి) అయినచో, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏవి? జవాబు నాలుగు మాటల్లో ముగిసింది. (ఎ) లేదండీ. (బి) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ రోజు నాకు కలిగినది కోపం కంటే దిగులు. మా ఊళ్లో ఇంతమంది అనుభవిస్తున్న కష్టం అధికారికంగా లేనే లేదని రాష్ట్రంలోని అత్యున్నత సభలో నమోదైపోయింది. ఆ కాగితాన్ని మా పెన్షనర్ల సంఘంలో ఉన్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవారు. ఇలాంటి జవాబులు తన చేతులతో ఎన్నో తయారుచేసినవారు. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, “మాస్టారూ, ఇందులో జవాబు చెప్పినవాళ్ల తప్పు సగమే. ‘తీవ్ర ఇబ్బందులు పడుతున్నారా’ అని అడిగితే ‘లేదు’ అనే అంటారు. ఎన్ని పోస్టులు, ఎంతమంది, ఏ తారీఖు నుంచి అని అడిగి ఉంటే ‘లేదు’ అనడానికి వీలుండేది కాదు” అన్నారు. ఆ మాట దగ్గర మొదలై, గత రెండేళ్లుగా పార్లమెంటులోనూ మన రెండు రాష్ట్రాల శాసనసభల్లోనూ ప్రజాసేవల మీద వచ్చే ప్రశ్నలను, జవాబులను వీలైనన్ని చదువుతూ వస్తున్నాను. నాకు అర్థమైనది ఇక్కడ రాసి పెడుతున్నాను.

లోక్‌సభలో ప్రతి సమావేశం మొదటి గంట ప్రశ్నలకు కేటాయిస్తారు. రాజ్యసభలోనూ అలాగే ఉండేది కాని, ఉదయం పదకొండు గంటలకే గొడవలు మొదలై ఆ గంట తరచుగా పోతోందన్న కారణంతో 2014 నవంబరు నుంచి దానిని మధ్యాహ్నం పన్నెండుకు మార్చారు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలు, గుర్తు లేనివి 230 జాబితాలోకి వస్తాయి. గుర్తు ఉన్నవాటికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు, సభాపతి అనుమతిస్తే ఇతరులూ వేయవచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబు వస్తుంది, దానితో సరి. నోటీసు కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. నోటీసులు చాలా ఎక్కువగా వస్తాయి కనుక ఏ ప్రశ్న జాబితాలోకి ఎక్కాలో లాటరీ తీసి తేలుస్తారు. శాఖలను గుంపులుగా విడదీసి వారంలో ఒక్కో గుంపుకు ఒక్కో రోజు కేటాయించారు కనుక, వైద్య శాఖ మీద ప్రశ్న ఏ రోజునైనా అడగడానికి వీలుండదు. శాసనసభల్లో సంఖ్యలూ గడువులూ వేరు, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

ఇరవై ప్రశ్నలు జాబితాలో ఉన్నా, గంటలో సభలో చర్చకు వచ్చేవి సాధారణంగా నాలుగైదే. మిగిలినవాటి జవాబులు కూడా రాతలోనే సభ ముందు ఉంచినట్టు లెక్క. 2019 నవంబరు 27న లోక్‌సభ ఇరవై ప్రశ్నలనూ ఆ గంటలోనే పూర్తిచేసినప్పుడు అది 1972 తరువాత మొదటిసారి అని వార్త అయింది. ఒక సభ తన నియమాల ప్రకారం తన పని తాను పూర్తిచేయడం నలభై ఏడేళ్లకు ఒకసారి జరిగిందంటే, రాతపూర్వక జవాబుకు ఎంత ప్రాముఖ్యం ఉందో అర్థమవుతుంది. టెలివిజన్‌లో మనం చూసేది నోటి మాటల గంట. ప్రజాసేవల గురించిన అసలు సమాచారంలో ఎక్కువ భాగం మాత్రం ఎవరూ చూడని ఆ తెల్లకాగితాల్లోనే ఉంటుంది.

ఒక ప్రశ్న అచ్చయి వచ్చేలోగా జరిగే ప్రయాణం గురించి మా సెక్షన్ ఆఫీసరు గారు చెప్పినది నాకు చాలా ఉపయోగపడింది. శాసనసభ సచివాలయం నుంచి ప్రశ్న సంబంధిత శాఖకు వెళుతుంది; అక్కడి నుంచి కమిషనరు కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి, ఆయన నుంచి మండలాలకు వస్తుంది. ఆఫీసుల్లో దానికి ‘ఎల్‌ఏక్యూ’ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అని పేరు. ఎల్‌ఏక్యూ వచ్చిందంటే మిగిలిన ఫైళ్లన్నీ పక్కకు పోతాయి. సాయంత్రంలోగా వివరాలు పంపమని ఫోన్లు వస్తాయి. జవాబుతో పాటు, సభలో అనుబంధ ప్రశ్న వస్తే మంత్రిగారు తడబడకుండా ఉండేందుకు మరొక నోట్ కూడా తయారవుతుంది. చాలాసార్లు అసలు జవాబు కంటే ఆ నోట్ పెద్దదిగా ఉంటుంది. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినా కదలని ఒక కాగితం, ఒక సభ్యుడు వేసిన ప్రశ్న వల్ల సాయంత్రానికి రాజధాని చేరుతుంది. ప్రభుత్వం తన సొంత ఆసుపత్రిలో ఎంతమంది పనిచేస్తున్నారో కొన్నిసార్లు ఆ ప్రశ్న వచ్చిన రోజునే లెక్కపెట్టుకుంటుంది. ప్రశ్న వేసే హక్కుకు ఇంతకు మించిన బలం మరొకటి ఉందని నేను అనుకోను.

అందుకే ప్రశ్నను ఎలా కట్టాలన్నది చిన్న విషయం కాదు. నియమాల ప్రకారం ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు. లోక్‌సభలో అయితే 150 మాటలు దాటకూడదు. ఈ నిషేధాలు మొదట చూసినప్పుడు సభ్యుల నోరు కట్టేసేవిగా కనిపిస్తాయి. నిదానంగా ఆలోచిస్తే ఇవి సభ్యుడిని వివరం వైపు నెడుతున్నాయని తెలుస్తుంది. ‘తీవ్ర ఇబ్బందులు’ అన్నది ఒక అభిప్రాయం, దానిని కాదనడం సులువు. మంజూరైన పోస్టులు ఎన్ని, జీతం తీసుకుంటున్నవారు ఎందరు, వారిలో డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తున్నవారు ఎందరు, వారిని ఏ తేదీన ఏ ఉత్తర్వు ద్వారా పంపారు అన్నవి అభిప్రాయాలు కావు. వాటికి అంకెలతోనే జవాబు చెప్పాలి, ఆ అంకె తప్పైతే సభను తప్పుదారి పట్టించినట్టవుతుంది.

ఇందులో డిప్యుటేషన్ సంగతి విడిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మా ఆరోగ్య కేంద్రం రహస్యం అంతా అక్కడే ఉంది. ఒక వైద్యురాలి పోస్టు మా కేంద్రంలోనే ఉంటుంది, ఆమె జీతం మా కేంద్రం పద్దు కిందనే వస్తుంది, పని మాత్రం జిల్లా కేంద్రంలో చేస్తుంది. రికార్డుల్లో ఆ పోస్టు ఖాళీ కాదు. కనుక ‘ఖాళీలు ఎన్ని’ అని అడిగితే ‘లేవు’ అన్న జవాబు అక్షరాలా నిజం. ప్రశ్న వేసిన సభ్యుడికి ఈ లోతు తెలియకపోతే, ఎంత చిత్తశుద్ధితో అడిగినా అతని చేతికి నిజమైన అబద్ధం ఒకటి అందుతుంది. ఈ లోతు తెలిసినవాళ్లు ఆ కేంద్రానికి రోజూ వెళ్లే రోగులు, అక్కడి సిబ్బంది, ఆ ఊరి ఆశా కార్యకర్త. శాసనసభ్యుల వెంట తిరిగేవారిలో కాంట్రాక్టులు అడిగేవాళ్లు ఉంటారు, బదిలీలు అడిగేవాళ్లు ఉంటారు. సభలో అడగడానికి ఒక మంచి ప్రశ్న తెచ్చి ఇచ్చేవారు అరుదు.

ఇలాంటి ప్రశ్నలతోనే ఈ దేశంలో ఈ హక్కు మొదలైందన్న సంగతి నాకు చాలా ఇష్టం. 1861 కౌన్సిళ్ల చట్టం కింద సభ్యులకు ప్రశ్నించే హక్కు లేదు. 1892 చట్టం ఇచ్చింది. 1893 ఫిబ్రవరి 16న మొట్టమొదటి ప్రశ్న వేసినవారు భింగా రాజావారు. ఆయన అడిగినది సింహాసనాల గురించో సరిహద్దుల గురించో కాదు. పర్యటనకు వచ్చే అధికారులకూ వారి పరివారానికీ సరుకులు సమకూర్చవలసి రావడం వల్ల పల్లెటూరి దుకాణదారులు పడుతున్న కష్టం గురించి అడిగారు. దొరవారి మకాం వస్తే ఊరి కోమటి కొట్టు ఏమయ్యేదో మన తాతల ముచ్చట్లు విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి అనుబంధ ప్రశ్న వేసే హక్కు లేదు. జవాబు ఎలా ఉన్నా విని కూర్చోవలసిందే. 1909 సంస్కరణలు, ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఇచ్చాయి. మిగిలిన సభ్యులకు ఆ అవకాశం 1919 చట్టం తరువాతనే వచ్చింది.

అనుబంధ ప్రశ్న విలువ ఏమిటో 1957 చూపించింది. అప్పుడు లోక్‌సభ సభాపతి మన తిరుపతి ప్రాంతం వారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. జీవిత బీమా అప్పటికి ఏడాది క్రితమే జాతీయమై, సామాన్యుల పొదుపు సొమ్ము ప్రభుత్వ సంస్థ చేతిలోకి వచ్చింది. ఆ సంస్థ 1957 జూన్‌లో కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను కోటి ఇరవై లక్షల రూపాయలకు పైగా పెట్టి కొన్నది. సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ దీని మీద ప్రశ్న వేశారు. జవాబులతో సభ్యులు తృప్తి పడలేదు. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ సభలో వివరాలన్నీ బయటపెట్టారు. మరుసటి ఏడాది ఆరంభంలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా విచారణ బహిరంగంగా జరిగింది, ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇందులో నేను పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉండి చెప్పకపోయిన విషయం ఒకటుంది. ప్రశ్న వేసిన ఆ ఇద్దరూ అధికార పక్షం వారే. ఇవాళ మన శాసనసభల్లో అధికార పక్ష సభ్యుడి ప్రశ్న ఎక్కువగా ‘మా నియోజకవర్గంలో ఫలానా రోడ్డు మంజూరు చేసే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా’ అన్న రూపంలో వస్తుంది, మంత్రికి ఒక శుభవార్త చెప్పే అవకాశం కల్పించి ముగుస్తుంది. రోడ్డు కావలసిందే, నేను కాదనను. కానీ వేసిన రోడ్డు రెండు వానలకు ఎందుకు పోయిందో అడగవలసిన బాధ్యత కూడా ఆ సభ్యుడిదే.

జవాబు ఇవ్వకుండా జవాబు చెప్పే పద్ధతుల్లో మా ఆరోగ్య కేంద్రానికి ఎదురైనది ఒకటి. ఇంతకంటే పెద్దది 2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో ఎదురైంది. కరోనా కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటను పూర్తిగా ఎత్తివేసి, రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచి వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని అడిగితే, అలాంటి వివరాలు నిర్వహించడం లేదని కార్మిక శాఖ చెప్పింది. వారి కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చారా అన్న భాగానికి, పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదు అన్నది. ఆ కాగితంలోనే, సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లిన కార్మికుల సంఖ్య కోటికి పైగా అని రాష్ట్రాల వారీగా పట్టిక ఉంది. హైదరాబాదు నుంచి ఒడిశాకు, బీహారుకు నడిచిపోతున్నవారికి జాతీయ రహదారి పక్కన మజ్జిగా పులిహోరా అందించిన ఊళ్లలో మా ఊరూ ఒకటి. ఎంతమంది వెళ్లారో తెలిసిన ప్రభుత్వానికి ఎంతమంది చేరలేదో తెలియదన్న ఆ జవాబును నేను ఇప్పటికీ నిబ్బరంగా చదవలేను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. లెక్క లేదు అన్న ఒప్పుకోలు కూడా ఆ ప్రశ్న వేసినందువల్లనే రాతలోకి వచ్చింది, నష్టపరిహారం గురించి ఆ తరువాత దేశమంతటా జరిగిన వాదనకు ఆ రెండు వాక్యాలే ఆధారమయ్యాయి.

మరొకటి ‘ఇది రాష్ట్రాల అంశం’ అన్న జవాబు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాకు వెళ్లింది. రైళ్లు, తపాలా కేంద్రం చేతిలో ఉన్నాయి. కనుక ఏ సేవ గురించి ఏ సభలో అడగాలో తెలిసి అడగడం సభ్యుడి పని. కానీ రెండు ప్రభుత్వాల డబ్బూ కలిసి నడిచే సేవల్లో ఈ విభజన ఒక దాక్కునే చోటుగా మారుతుంది. 2021 జులై 20న రాజ్యసభలో, రెండో విడత కరోనాలో ప్రాణవాయువు కొరతతో ఎంతమంది చనిపోయారన్న ప్రశ్నకు, ఆరోగ్యం రాష్ట్రాల అంశమనీ, ప్రాణవాయువు కొరత వల్లనే మరణించారని రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదనీ కేంద్రం జవాబిచ్చింది. తిరుపతిలో మే 10 రాత్రి ప్రాణవాయువు అందక రోగులు చనిపోయిన సంగతి తెలిసిన తెలుగువారెవరికీ ఆ జవాబు మింగుడు పడలేదు. సభ్యులు మళ్లీ అడిగారు. ఆగస్టులో ఇచ్చిన మరో జవాబులో, ఆంధ్రప్రదేశ్ పంపిన ప్రాథమిక విచారణ నివేదికను ఉటంకిస్తూ, తిరుపతిలోని ఎస్.వి.ఆర్.ఆర్. (రుయా) ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు మరణించారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. మూడు వారాల వ్యవధిలో ‘నివేదించలేదు’ అన్నది ఆసుపత్రి పేరుతో సహా నివేదిక అయింది. ఆ మధ్యలో మారినది, ప్రశ్న ఆగకపోవడం ఒక్కటే.

‘సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందు ఉంచుతాము’ అన్న జవాబును నేను మొదట్లో తప్పించుకోవడమే అనుకున్నాను. అది సగం వరకే నిజం. ఆ వాక్యాన్నీ, ‘పరిశీలనలో ఉంది’, ‘చర్యలు తీసుకుంటాము’ వంటి మరికొన్ని వాక్యాలనూ సభ హామీలుగా లెక్కగట్టి విడిగా రాసుకుంటుంది. వాటిని వెంబడించడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. లోక్‌సభలో ఇది 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ఉంది, శాసనసభల్లోనూ ఉంది. పార్లమెంటులో హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. గడువులు పొడిగించుకుంటూ పోయే హామీలు చాలానే ఉన్నాయి, సభ రద్దయితే పట్టించుకునే సభ్యుడూ మారిపోతాడు. అయినా తన ప్రశ్నకు వచ్చిన జవాబు హామీల జాబితాలోకి ఎక్కిందో లేదో కనుక్కునే సభ్యుడికీ, జవాబు వచ్చిన రోజునే దానిని మరిచిపోయే సభ్యుడికీ ఉన్న తేడా ఓటర్లకు పెద్ద తేడా. ఓటు అడగడానికి వచ్చినప్పుడు దీని గురించి అడగవచ్చు.

ప్రశ్నలను అమ్ముకున్న సభ్యులు కూడా ఉన్నారు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నారని రుజువై 2005 డిసెంబరులో లోక్‌సభ పది మందినీ రాజ్యసభ ఒకరినీ బహిష్కరించాయి. సభ వాయిదాలు, కుదించిన సమావేశాలు, సభ్యులు సభను బహిష్కరించడాలు ఈ గంటను ఎంత తినేస్తున్నాయో పత్రికల్లో రోజూ చూస్తూనే ఉన్నాం కనుక ఇక్కడ విస్తరించను. శాసనసభ ఏడాదిలో ఎన్ని రోజులు కూర్చుంటే అన్ని గంటలే ప్రశ్నలకు దొరుకుతాయి, ఆ లెక్క చాలు.

2005లోనే సమాచార హక్కు చట్టం వచ్చింది. అందులో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) నిబంధన చివర ఒక వాక్యం ఉండేది: పార్లమెంటుకు లేదా రాష్ట్ర శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదు. సభ్యుడూ పౌరుడూ ఒకే గడప మీద నిలబడి అడుగుతారన్న మాట ఆ వాక్యంలో ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ నిబంధనను తిరగరాసినప్పుడు ఆ వాక్యం కూడా పోయింది. ఒక వైద్యురాలిని డిప్యుటేషన్ మీద పంపిన ఉత్తర్వు ఆమె వ్యక్తిగత సమాచారమని ఏ కార్యాలయమైనా అనగలిగితే, ఇక దానిని అడగగలిగేది సభలో కూర్చున్నవారే. అందువల్ల వారి ప్రశ్న విలువ మునుపటి కంటే పెరిగిందని నా నమ్మకం.

మా ఆరోగ్య కేంద్రం విషయానికి వస్తాను. మా సంఘం వాళ్లం నలుగురం కలిసి మూడు నెలల పాటు ఒక నోటుపుస్తకంలో ప్రతి పనిరోజూ వైద్యులు ఎవరున్నారో, ఓపీ ఎన్ని గంటలకు మొదలైందో రాసుకున్నాం. ఎవరి మీదా వ్యాఖ్య రాయలేదు, తేదీ, సమయం, ఉన్నవారి సంఖ్య మాత్రమే. మైదాన ప్రాంతంలో ముప్పై వేల జనాభాకు, గిరిజన ప్రాంతంలో ఇరవై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. మా కేంద్రం పరిధిలో అంతకంటే ఎక్కువ మందే ఉన్నారని జనాభా లెక్కలు చూసి కలిపాం. సెక్షన్ ఆఫీసరు గారు అయిదు భాగాలుగా ప్రశ్న రాసి ఇచ్చారు. మొదటిసారి ప్రశ్న వేసిన ఆ శాసనసభ్యుడి దగ్గరికే వెళ్లాం. ఆయన నోటుపుస్తకం చివరి పేజీ వరకు తిరగేసి, “ఇది ముందే ఉంటే నేను ఆ ‘లేదండీ’ విని కూర్చునేవాణ్ణి కాదు కదా, మాస్టారూ” అన్నారు. ఆ మాటలో నాకు నిజమైన బాధ వినిపించింది. సభ్యుడికి పరిశోధకులు లేరు, ఆఫీసు లేదు, ఉన్న ఒక్క పీఏ పెళ్లి పిలుపులూ సిఫారసు లేఖలూ చూసుకోవడంతోనే రోజు గడుపుతాడు.

తరువాతి సమావేశాల్లో ప్రశ్న నక్షత్రపు గుర్తు లేకుండా వచ్చింది, అందుచేత అనుబంధ ప్రశ్నకు అవకాశం లేదు. జవాబుగా జిల్లాలోని అన్ని కేంద్రాల పట్టిక ఒకటి సభ ముందు ఉంచారు. మా కేంద్రం ఎదురుగా ఇలా ఉంది: మంజూరైనవి 2, పనిచేస్తున్నవారు 2, డిప్యుటేషన్‌పై ఉన్నవారు 1. ఆ పట్టికలో డిప్యుటేషన్ నిలువు వరుసలో సున్నా కాని అంకె ఉన్న కేంద్రాలు మాది కాక ఇంకా పదకొండు ఉన్నాయి. మా ఒక్క కేంద్రం కోసం అడిగితే పన్నెండు మండలాల సంగతి తెలిసింది. చివరి భాగానికి జవాబు, ‘డిప్యుటేషన్ల కొనసాగింపు విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది’ అని.

ఇది రాసేనాటికి అయిదు నెలలైంది. మా వైద్యురాలు ఇంకా రాలేదు. ఆ పన్నెండింటిలో రెండు కేంద్రాలకు మాత్రం వైద్యులు తిరిగి వచ్చారని అక్కడి పెన్షనర్ల ద్వారా తెలిసింది. ‘పరిశీలనలో ఉన్నది’ అన్న వాక్యం హామీల కమిటీ జాబితాలోకి ఎక్కిందో లేదో కనుక్కోమని శాసనసభ్యుడిని కోరాం, ఆయన లేఖ రాశారు. రాబోయే సమావేశాలకు మూడో ప్రశ్న తయారవుతోంది. ఈసారి (ఎ) భాగంలో పాత ప్రశ్నకు ఇచ్చిన జవాబు తేదీ వేశాం. (బి)లో ఆ పరిశీలన పూర్తయిన తేదీ అడుగుతున్నాం. (సి) దగ్గర నిన్న సాయంత్రమంతా ఆగిపోయాం. డిప్యుటేషన్ ఉత్తర్వుల కాలపరిమితి అడగాలా, లేక ఆ రోజుల్లో ఓపీకి వచ్చి వెనక్కి వెళ్లిన రోగుల లెక్క అడగాలా అన్నది తేలలేదు. రోగుల లెక్క అడిగితే అలాంటి వివరాలు నిర్వహించడం లేదన్న జవాబు వస్తుందని సెక్షన్ ఆఫీసరు గారు అంటున్నారు. ఆ జవాబైనా రాతలో ఉండాలని నేను అంటున్నాను.